ఉప్పు కొఠారు కాడ బాకా బండి

పొద్దు గూకినాక ఉప్పు కొఠారు దారిన పోవద్దని తోటపల్లి గూడూరులో పిల్లలకి నడక వచ్చినప్పుడే చెప్పి పెడతారు.

కాలువ కట్ట మీద, లాకుల పక్కన, దొరల కాలంలో కట్టిన కొఠారు అది. అప్పట్లో ఉప్పు మూటలు అక్కడ దించి, పడవల మీద మద్రాసుకి తోలేవాళ్ళు. తర్వాత దొరలు పోయినారు, మూటలు పోయినాయి, కప్పు సగం కూలింది. తలుపులూ కిటికీలూ ఎవరో ఊడబెరుక్కుని పోయినారు. దెయ్యాల భయం దొంగలకి ఎందుకుండదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మిగిలింది ఉప్పు తిని పొరలు పొరలుగా రాలే గోడలు, చుట్టూ సరుగుడు తోపు. గాలి తోలితే ఆ తోపు ఉష్ష్... అంటది. ఎవరో నోటి మీద వేలేసుకుని నిన్ను ఊరుకోమన్నట్టు.

అక్కడుండే దెయ్యం ఏదనేది మాత్రం ఖరారు కాలేదు.

కాలువకి ఇవతలి వాళ్ళు ఉప్పు జవాను అంటారు. ఉప్పు పన్ను రోజుల్లో దోసెడు ఉప్పు తీసుకున్నవాళ్ళని కూడా లాఠీతో తరిమినవాడు, ఒక రాత్రి తూలి కాలువలో పడి చచ్చినాడంట. తెల్లవాడు ఓడెక్కి ఎన్నేళ్ళయినా వాడింకా డ్యూటీ దిగలేదు. అవతలి గట్టున చేపలు పట్టే పాలెం వాళ్ళు, కాదు, అది ఆడమనిషి అంటారు. ఒళ్ళో ఉప్పు కట్టుకుని పోతా ఉంటే జవాను తరిమినాడంట. నిండు చూలాలు. కాలువలో దూకింది. శవం దొరకలేదు. దొరకని శవానికి నిప్పు పెట్టేదెవరు?

రెండు గట్ల వాళ్ళూ ఒప్పుకునేది ఒక్కటే. అది ఏదైనా గానీ... పిలుస్తుంది. పలికితే మనిషి దక్కడు.

ఈ సంగతి నాకు చెప్పింది మాల్యాద్రి. తోటపల్లి గూడూరు బజారులో సైకిలు షాపు ఆయనది. సైకిళ్ళే కాదు, పంపులకి మాట్లు వేసేవాడు, తూములకి తలుపులు బిగించేవాడు. జరిగింది అరవై నాలుగులో, మార్గశిర మాసంలో. జరిగినదానికి సగం కారణం తన చేతి పనే గనక, ఆయన చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోడానికి చుట్ట వెలిగించుకునేవాడు.

మిగతా సగం కారణం హెబ్రోను.

హెబ్రోను మిషను బడిలో డ్రిల్లు మాస్టరు. చర్చిలో ఉపదేశి జకరయ్య గారి ఒక్కగానొక్క కొడుకు. ఛాతీ బాగా విరుచుకుని నడిచేవాడు. వారానికొక రోజు డ్రిల్లు మానిపించి మరీ పిల్లలకి ధైర్యం గురించి చెప్పేవాడు. "దెయ్యమంటే ఏందిరా? పిరికివాడి కళ్ళకి కనబడే చీకటి!" అని గట్టిగా అరిచి, పిల్లలందరి చేతా అదే మాట మళ్ళా అనిపించేవాడు.

మిలిటరీ వాళ్ళు పాతబడిందని వేలంలో పారేసిన ఇంగ్లీషు మోటారుసైకిలు ఒకటి ఆయన చేతికొచ్చింది. నిదానంగా నడిచే బండి. హాయిగా ఉండేది. కానీ ఆ ఏడు హెబ్రోను మద్రాసు పక్కన షోలవరం పోయి మోటారుసైకిలు పందేలు చూసొచ్చినాడు. వచ్చినప్పటినించీ మనిషి మనిషి కాదు. భోంచేస్తా చేస్తా గొంతులోంచి "డర్ర్ర్" మని శబ్దం తీసేవాడంట. వాళ్ళమ్మ కడుపులో నొప్పేమోనని వాము నూరి ఇచ్చింది.

ఒకరోజు బండి తోసుకుని మాల్యాద్రి దగ్గరికొచ్చినాడు.

"మాల్యాద్రీ, దీన్ని రేసు బండి చెయ్యాల."

"నా దగ్గరుండేది సైకిలు పంపు సారూ."

"ఇంజను ముట్టుకోవద్దు. వెనక ఈ సైలెన్సరు ఉండాదే, అది పీకెయ్. రేసు బండ్లకి ఇది ఉండదు. పొగ పోయే గొట్టం చివర బాకా ఉంటది. పొగ అడ్డం లేకుండా పోతే బండికి ఊపొస్తది."

మాల్యాద్రి తల గోక్కున్నాడు. "గొట్టం పొడుగుకీ బాకా వెడల్పుకీ ఏదో లెక్క ఉంటదంట గదా. మద్రాసులో మౌంటు రోడ్డున అమ్మతారని..."

"మద్రాసువాడి రేటు నా ఆర్నెల్ల జీతం. లెక్క నాకు తెలుసులే."

తెలియదు. ఆయనకి డ్రిల్లులో ఒకటి, రెండు, మూడు, నాలుగు దాకానే అవసరం.

అట్లా మొదలైంది పని. గొట్టం కోసం బడిలో పాడైపోయిన చేతి పంపు పైపు కోసుకొచ్చినాడు హెబ్రోను. బాకా కోసం ఊరంతా వెతికి, ఒక మోతుబరి అటకమీద సొట్టలు పడివున్న గ్రామఫోను ఇత్తడి బాకా సంపాదించినాడు. మాల్యాద్రి కొలిమిలో పెట్టి పైపు వంచి, బాకాని దానికి మాటేసి అతికించినాడు. గొట్టాన్ని ఇంజనుకి బిగించే పట్టీ మాత్రం కొత్తది కొనమని బతిమాలినాడు. హెబ్రోను వినలా. పాత పీపా పట్టా ముక్క తెచ్చి, దాన్ని ఇనప తీగతో చుట్టమన్నాడు.

చివరికి వేడి సంగతి వచ్చింది. సైలెన్సరు లేని గొట్టం ఎర్రగా కాలతది, కాలికి తగిలితే తోలు ఊడొస్తది. నిప్పుకి కాలని రాతినార తాడు చుట్టాలని మాల్యాద్రి అన్నాడు.

"తాడే గదా? మా పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లుండాయి" అన్నాడు హెబ్రోను.

"అది అంటుకుంటది సారూ!"

"బంకమట్టిలో ముంచి చుట్టు. అంటుకోదు."

చుట్టినాడు. ఈ మాట చెప్పేటప్పుడే మాల్యాద్రి చుట్ట వెలిగించేది.

బజారులో బండి మొదటిసారి తన్నినప్పుడు ఏం జరిగిందో ఇప్పటికీ ముసలివాళ్ళు చెప్పుకుంటారు. ఆ బాకాలోంచి వచ్చింది చప్పుడు కాదు. పది గేదెల్ని ఒకేసారి గొంతు పిసికితే ఎట్లుంటదో అట్లాంటిది. మధ్య మధ్యలో తుపాకి పేలినట్టు ఢామ్మని. ఎడ్లు కాడి తెంచుకున్నాయి. పోస్టు మాస్టరు ముద్ర సొంత మణికట్టు మీద వేసుకున్నాడు. శబ్దం రెండింతలు పెరిగింది, వేగం సగానికి తగ్గింది. హెబ్రోనుకి మాత్రం మొహం వెలిగిపోయింది. "విన్నావా మాల్యాద్రీ! షోలవరం!"

సాయంత్రానికి పంచాయతీ ప్రెసిడెంటు కబురు పెట్టినాడు — పగలు ఆ బండి ఊళ్ళో తియ్యడానికి వీల్లేదు. అంతగా తోలాలని ఉంటే చీకటి పడ్డాక ఊరవతల కాలువ కట్ట మీద తోలుకోవాలి.

"కాలువ కట్టంటే... ఉప్పు కొఠారు సారూ" అన్నాడు మాల్యాద్రి మెల్లగా.

"పిరికివాడి కళ్ళకి కనబడే చీకటి" అన్నాడు హెబ్రోను.

మర్నాడే బయల్దేరినాడు. రాత్రి ఎనిమిదయి ఉంటది. వానలు వెనకబట్టి మంచు మొదలైంది. అమావాస్య ముందురోజు.

కట్ట మీద రెండు మైళ్ళు బాగానే పోయింది. ఒకపక్క నల్లగా కాలువ నీళ్ళు, ఇంకోపక్క కోసిన మళ్ళు. బండి ముందు దీపం ఆముదం దీపంలాగా మినుకుమినుకుమంటా ఉంది. వెనక బాకా మోత. ఆ మోతలో తన గుండె చప్పుడు కూడా తనకి వినబడదు. అది ఎంత మేలో అప్పుడు ఆయనకి తెలియదు.

సరుగుడు తోపు దగ్గరపడింది.

కొబ్బరి తాడు కాలే వాసన మొదలైంది. కాలి దగ్గర చూసుకుంటే మట్టి పెచ్చులూడి, తాడు నిప్పుకణికలాగా ఎర్రగా రగులుతా ఉంది. చిన్న చిన్న నిప్పురవ్వలు వెనక్కి ఎగురుతా ఉన్నాయి. ఆపుదామా అనుకున్నాడు. ఇక్కడా? ఇక్కడ ఆపడమా? కొఠారు దాటినాక చూద్దామని ఏక్సిలేటరు ఇంకా గట్టిగా తిప్పినాడు.

ఢామ్! ఢామ్! బాకా మంట కక్కింది.

అదే క్షణాన లాకుల దగ్గర్నించి కేక. ఒక్కటి కాదు... నాలుగైదు గొంతులు. దేని మీదో ఏదో పడిన చప్పుడు. తర్వాత బాకా మోత తప్ప ఏమీ వినబడలా.

ఇంతలో కాళ్ళ కింద టప్పుమని పీపా పట్టా తెగింది. గొట్టం ఇంజను నుంచి ఊడి వేలాడింది. బండి రెండు సార్లు దగ్గి, మూడోసారి నిట్టూర్చి... ఆగిపోయింది.

దీపం ఆరిపోయింది.

సరిగ్గా కొఠారు గుమ్మం ఎదురుగా.

అంత మోత తర్వాత వచ్చే నిశ్శబ్దం ఎట్లుంటదో తెలుసా? చెవుల్లో దూది కుక్కినట్టు. తోపులో గాలి... ఉష్ష్...

హెబ్రోను కిక్కు కొట్టినాడు. లేదు. ఎన్నిసార్లో మళ్ళా మళ్ళా కొట్టినాడు. లేదు.

అప్పుడు వినబడింది.

కొఠారు లోపల్నించి... మూలుగు. మొదట గాలేమో అనుకున్నాడు. గాలి మధ్యలో ఊపిరి తీసుకోదు. సన్నగా మొదలై, సాగి, పైకెక్కి, గొంతు చీల్చుకున్నట్టయి తెగిపోయింది. ఆడమనిషి గొంతు.

జవాను కాదు. పాలెం వాళ్ళు చెప్పిందే నిజం.

జేబులో టార్చి ఉందని అప్పుడు గుర్తొచ్చి తీసినాడు. వెయ్యాలా వద్దా అనుకునేలోగా బొటనవేలు దానంతటది నొక్కేసింది.

గుమ్మంలో — తెల్ల చీర. విరబోసుకున్న జుట్టు. ముందుకు చాచిన రెండు చేతులు. మోచేతుల దాకా తడి... నల్లగా మెరుస్తా ఉంది.

అది రెండడుగులు ముందుకేసింది. గుసగుసగా అడిగింది.

"వచ్చినావా...?"

హెబ్రోను పలకలేదు. పలకకూడదని కాదు, గొంతు లేదు.

"నిప్పు... నిప్పు తెచ్చినావా...?"

ఆ తర్వాత హెబ్రోను ఏం చేసినాడో ఆయనకే సరిగా తెలియదు. టార్చి ఎక్కడ పడిందో తెలియదు. ఎడమకాలి బూటు ఎప్పుడు ఊడిందో తెలియదు. మళ్ళల్లో పడి, తుమ్మముళ్ళల్లో దూరి, ఊరి చివరి ఇంటి గోడకి గుద్దుకున్నప్పుడు గానీ ఆగలేదు. బండి మీద పోయినదానికంటే తొందరగా ఊరు చేరినాడని మాల్యాద్రి అంటాడు.

తెల్లవార్లూ జ్వరం. తెల్లవారేసరికి కథ పెరిగింది. దెయ్యం తాటిచెట్టంత ఉంది. పళ్ళున్నాయి. తను పారిపోలేదు, దానితో పెనుగులాడి బండి ఇచ్చి ప్రాణం దక్కించుకున్నాడు. జకరయ్య గారు కొడుకు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినారు. తర్వాత బైబిలు చంకన పెట్టుకుని, సంఘంలో పదిమంది మగవాళ్ళని కూడగట్టి, పొద్దు పొడవగానే కొఠారుకి బయల్దేరినారు. ముందు పాటగాళ్ళు, మధ్యలో ఉపదేశి గారు, అందరికంటే వెనక దుప్పటి కప్పుకుని హెబ్రోను. తన మాటు ఎట్లుందో చూసుకుందామని మాల్యాద్రి కూడా.

కొఠారు దగ్గరికి పోయేసరికి అవతలి గట్టునించి డప్పులు!

పాలెం మగవాళ్ళు లాకుల వంతెన మీదుగా వస్తా ఉన్నారు. వేపకొమ్మలు, పసుపు నీళ్ళు, కాళ్ళు కట్టిన నల్ల కోడి. ముందర చెంచయ్య. పడవ మీద పాతిక మైళ్ళు సముద్రంలోకి పోయేవాడని పేరున్నవాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి, అడుగు తీసి అడుగేస్తా వణకతా ఉన్నాడు.

రెండు గుంపులూ చెరొక పక్క నిలబడినాయి.

"మీరెందుకు వచ్చినారు?" అన్నారు జకరయ్య గారు.

"రేత్రి మా మీదకి కొరివిదెయ్యం వచ్చింది అయ్యా" అన్నాడు చెంచయ్య. "నోట్లోంచి మంటలు. గేదె అరిచినట్టు అరుపు. ఎర్రటి ఒంటికన్ను. మా ఆడోళ్ళు... మా ఆడోళ్ళు ఇద్దరూ ఇక్కడే..." అని ఏడుపు ఆపుకోలేకపోయినాడు.

మాల్యాద్రి హెబ్రోను వైపు చూసినాడు. హెబ్రోను దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కున్నాడు.

జకరయ్య గారు చెయ్యెత్తినారు. ఇవతల పాట అందుకున్నారు. మేము తగ్గుతామా అని అవతల డప్పు కొట్టినారు. పాటా డప్పూ కలిసేసరికి తోపులో కాకులన్నీ లేచినాయి.

కొఠారు గుమ్మంలో తెల్ల చీర కదిలింది.

పాట ఆగింది. డప్పు ఆగింది. కోడి చేతుల్లోంచి జారిపడి కట్లతోనే దొర్లుకుంటా పోయింది.

"నోర్లు ముయ్యండ్రా!" అంది తెల్ల చీర. "పసిగుడ్డుకి ఇప్పుడే కన్ను మూతబడింది. నిద్ర చెడగొడతారా?"

అది అంకాలమ్మ. చెంచయ్య అత్త. పాలెంలో పురుళ్ళు పోసే మంత్రసాని, ముప్పయ్యేళ్ళుగా తెల్ల చీరే కట్టిన మనిషి.

అంకాలమ్మ గుమ్మంలో చతికిలబడి, జుట్టు ముడేసుకుంటా జరిగింది చెప్పింది.

ఆమె కూతురు, చెంచయ్య పెండ్లాం కామాక్షమ్మకి మొన్నటినించీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, తన చేత కాదని అంకాలమ్మకి తెలిసిపోయింది. నెల్లూరు ఆస్పత్రికి పోవాల. చెంచయ్య, ఇంకో ముగ్గురు మగవాళ్ళు నులకమంచం మీద కామాక్షమ్మని మోసుకుంటా లాకులు దాటినారు. తోటపల్లి గూడూరులో జట్కా ఎక్కిద్దామని. అప్పుడు వినబడింది మోత. కట్ట మీద ఎర్రటి నిప్పు ఉరుక్కుంటా వస్తా ఉంది. ఢామ్మని మంట కక్కింది. నలుగురు మొనగాళ్ళూ మంచం అక్కడే కూలేసి, లాంతరు పగలగొట్టి, వచ్చిన దారినే పోయినారు.

"మంచం కూలినప్పుడు నా బిడ్డ కేక పెట్టింది. ఆ కుదుపుకే కడుపులో పిండం తిరిగిందో, దేవుడే తిప్పినాడో... నొప్పులు ఎక్కువైనాయి. కొఠారులోకి ఈడ్చుకుపోయినా. చీకటి. చలి. అగ్గిపెట్టె ఎవడి మొలలోనో పోయింది. నిప్పు తీసుకుని రండ్రా అని ఎంత అరిచినా ఒక్కడూ తిరగలా. ఇంతలో బయట ఎవురో వచ్చి నిలబడినారు. పోనీలే, ఒక్కడన్నా మగోడు ఉండాడు, నిప్పు తెచ్చినాడని గుమ్మంలోకొచ్చి అడిగినా." అంకాలమ్మ దుప్పటి కప్పుకున్న మనిషి వైపు చూసింది. "అడిగిందే పాపం, వాడూ పరిగెత్తినాడు."

అంకాలమ్మ లోపలికి ఒకసారి తొంగి చూసి మళ్ళా అందుకుంది.

"బిడ్డ వచ్చింది. నల్లగా కమిలి, చల్లగా, కదలకుండా. ఏడుపు లేదు. బయట ఆ దరిద్రపు బండికి తాడు రగలతా ఉంటే, పోయి పీక్కొచ్చి సరుగుడు ఆకులేసి ఊదినా. ఆ ఇత్తడి బాకా విరిచి మంట మీద బోర్లించి, దానిమీద గుడ్డ కాచి కాచి బిడ్డకి చుట్టినా. వీపు రుద్దినా. ఎంతసేపో... ఎంతసేపో తెలియదు." అంకాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అప్పుడు ఏడ్చింది ముండ. ఆడపిల్ల."

మాల్యాద్రి లోపలికి తొంగి చూసినాడు. బూడిద మధ్యలో తను మాటేసిన బాకా రెండు ముక్కలయి ఉంది. జీవితంలో తను చేసిన పనుల్లో అంత మంచిది ఇంకోటి లేదని అప్పుడు అనిపించిందంట.

చెంచయ్య మోకాళ్ళ మీద కూలబడినాడు. "అత్తా... నేను... దెయ్యమనుకున్నా అత్తా."

జకరయ్య గారు గొంతు సవరించుకున్నారు. ఉపదేశి గనక ఏదో ఒకటి అడగాలి. "అయితే అంకాలమ్మా, రాత్రంతా ఇక్కడే ఉండావు గదా... దెయ్యమేదన్నా కనబడిందా?"

అంకాలమ్మ తాపీగా నోట్లో వక్క వేసుకుంది.

"రెండు కనబడినాయి అయ్యా. ఒకటి మంచం పారేసి అట్లా పోయింది. ఇంకోటి బండి పారేసి ఇట్లా పోయింది."

కొఠారు లోపల చీకట్లోంచి నవ్వు వినబడింది. ఆడమనిషి నవ్వు. నీరసంగా, ఆగి ఆగి, కడుపు పట్టుకుని నవ్వినట్టు. అది కామాక్షమ్మ అని అక్కడున్న ప్రతి మగవాడికీ తెలుసు.

అయినా రెండు గుంపుల్లోనూ కలిపి ఏడెనిమిది మంది ఒక్కడుగు వెనక్కి వేసినారంట.